శిల్పం ఎలా తయారవుతుంది? రాయి, మట్టి, లోహం పెట్టే షరతులు

భారీ విగ్రహం ఆవిష్కరణ జరిగిన ప్రతిసారీ దాని ఎత్తు, బరువు, వాడిన లోహం అంకెల రూపంలో వార్తల్లోకి వస్తాయి. వాటితోపాటే రెండు అపోహలూ వ్యాపిస్తాయి. కంచు విగ్రహమంటే లోపలంతా కంచే ఉంటుందన్నది మొదటిది. రాతి బొమ్మ అయినా కంచు బొమ్మ అయినా శిల్పి ఉలితోనే చెక్కుతాడన్నది రెండోది. 182 మీటర్ల స్టాచ్యూ ఆఫ్ యూనిటీ నిజంగానే గట్టి కంచు ముద్ద అయి ఉంటే లక్షల టన్నుల లోహం కావలసి వచ్చేది. దానికి పట్టిన కంచు రెండు వేల టన్నుల లోపే. లోపల ఉన్నది కాంక్రీటు, ఉక్కు. ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే శిల్పం తయారయ్యే పద్ధతుల్ని, వాటి వెనకున్న పదార్థాల స్వభావాన్ని చూడాలి.

క్లుప్తంగా

శిల్పాన్ని చెక్కుతారు, మలుస్తారు, పోత పోస్తారు, లేదా ముక్కలుగా కూర్చుతారు. రాయి బరువు మోయగలదు గానీ లాగుడుకు నిలవదు. మట్టి చెప్పినట్టు వింటుంది గానీ ఆరితే కుంచించుకుపోతుంది. లోహం రెండింటికీ తట్టుకుంటుంది కానీ బరువు, ఖర్చు ఎక్కువ కాబట్టి దాన్ని పలచగా, బోలుగా వాడతారు. చాలా విగ్రహాల భంగిమ, మందం, ఆధారాలు ఈ పరిమితుల నుంచే పుట్టాయి.

తీసేసే పని, చేర్చే పని

చెక్కడంలో పదార్థాన్ని తీసేస్తారు. ఒకసారి పోయిన ముక్క తిరిగి రాదు కాబట్టి ముందుగా కొలతలు, గీతలు, నమూనా సిద్ధం చేసుకోవాలి. మలచడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మట్టినో మైనాన్నో కొద్దికొద్దిగా చేరుస్తూ పోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. పోతలో శిల్పి చేతి పని ఒక పదార్థంలో జరుగుతుంది, చివరి రూపం మరో పదార్థంలో వస్తుంది. కూర్చడంలో రేకులు, కడ్డీలు, దొరికిన వస్తువులను అతికి రూపం తెస్తారు. ఇరవయ్యో శతాబ్దిలో ఆక్సీ వెల్డింగ్ (గ్యాసు మంటతో లోహాన్ని కరిగించి అతకడం) శిల్పుల చేతికి వచ్చాక ఇదొక ప్రధాన పద్ధతిగా స్థిరపడింది.

ఒకే శిల్పంలో ఇవి కలిసిపోవడం మామూలే. క్రీస్తుపూర్వం 14వ శతాబ్ది నాటి ఈజిప్టు రాణి నెఫెర్టీటీ ప్రతిమ 1912లో అమర్నా తవ్వకాల్లో దొరికింది. దాన్ని సీటీ స్కాన్ చేసినప్పుడు లోపల సున్నపురాయిలో చెక్కిన ముఖం, దాని మీద జిప్సం గచ్చు పొరలు కనిపించాయి. రాయిలో సాధ్యం కాని సవరణలను గచ్చుతో చేశారన్నమాట.

రాయి లాగుడుకు ఓడిపోతుంది

రాతి శిల్పాల్లో చేతులు ఒంటికి ఎందుకు అంటుకుని ఉంటాయి? కాళ్ల పక్కన చెట్టు మొద్దో, తీగల గుబురో, జంతువో ఎందుకు ఉంటుంది? ఇవన్నీ అలంకారాలేనని చూసేవారు అనుకోవడం సహజం. అసలు కారణం ఎక్కువగా బలానికి సంబంధించింది.

రాయిని పై నుంచి నొక్కితే ఎంతో బరువు మోస్తుంది. అదే రాయిని రెండు వైపులకూ లాగితే, మోయగలిగినదాంట్లో పదో వంతుకో అంతకన్నా తక్కువకో తెగిపోతుంది. ముందుకు చాచిన చెయ్యి తన బరువుకు తానే కిందికి వంగాలని చూస్తుంది. అప్పుడు భుజం పైభాగంలో లాగుడు, కింది భాగంలో నొక్కుడు ఏర్పడతాయి. పగులు పైభాగంలోనే మొదలవుతుంది. చీలమండల సంగతీ అంతే. మొత్తం శరీరం బరువు అక్కడి సన్నని అడ్డుకోత మీద పడుతుంది. శిల్పం ఏమాత్రం ఒరిగినా అక్కడ నొక్కుడు కాస్తా లాగుడుగా మారుతుంది.

గ్రీకు కంచు విగ్రహాలకు రోమన్లు పాలరాతి నకళ్లు చేయించినప్పుడు ఈ చిక్కు బయటపడింది. కంచులో ఒంటికాలి మీద బరువు మోపి నిలిచిన వీరుడు, పాలరాతిలోకి రాగానే తొడ పక్కన చెట్టు మొద్దుతో కనిపిస్తాడు. తుంటికీ మణికట్టుకూ మధ్య చిన్న రాతి పట్టీ కూడా వదిలేసేవారు. మికెలాంజెలో 1501లో మొదలుపెట్టి 1504లో పూర్తిచేసిన 5.17 మీటర్ల డేవిడ్‌కూ కుడికాలి వెనక మొద్దు ఉంది. ఆ పాలరాతి దిమ్మ అంతకుముందు మరో శిల్పి మొదలుపెట్టి వదిలేయగా ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నది. మొద్దు ఉన్నా సరే, డేవిడ్ చీలమండల దగ్గర సన్నని పగుళ్లు వచ్చాయి.

శ్రవణబెళగొళలోని గోమటేశ్వరుడు ఇదే సమస్యకు మరో పరిష్కారం. పదో శతాబ్ది చివర ఒకే గ్రానైట్ శిలలో మలిచిన ఈ 57 అడుగుల విగ్రహానికి తొడల పైనుంచి ఏ ఆధారమూ లేదు. తొడల వరకు మాత్రం వెనక శిల కలిసే ఉంది. జైన కథలో ధ్యానంలో కదలకుండా నిలిచినవాని చుట్టూ పెరిగిన పుట్టలు, తీగలు ఆ భాగాన్ని కప్పేస్తాయి. కథ కోరిన అలంకారం, బరువు కోరిన ఆధారం ఒకేచోట కలిసిన అరుదైన సందర్భమిది. రోమన్ నకళ్లలోని మొద్దులు చాలాచోట్ల అతికించినట్టు కనిపిస్తాయి. ఇక్కడ అలా అనిపించదు.

ఉలికి లొంగే రాయి, లొంగని రాయి

రాళ్ల గట్టిదనాన్ని మోస్ కొలమానంలో 1 నుంచి 10 వరకు కొలుస్తారు. బలపపు రాయిలోని టాల్క్ 1, జిప్సం 2, సున్నపురాయీ పాలరాయీ ఏర్పడే కాల్సైట్ 3. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. మామూలు ఉక్కు ఉలి సుమారు 6 దగ్గర ఉంటుంది. దీన్నిబట్టి పాలరాయిని ఉలి కోయగలదు, గ్రానైట్‌ను కోయలేదు. గ్రానైట్ మీద శిల్పి చేసేది కోత కాదు, నలగ్గొట్టడం. మొన ఉలిని దాదాపు నిట్టనిలువుగా పెట్టి కొడితే రేణువులు చితికి రాలిపోతాయి. ఉలికి మాటిమాటికీ కొలిమిలో పదును పెట్టించాలి. ఇప్పుడు ఆ మొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ వచ్చింది.

ఉక్కు లేని రోజుల్లో ఈజిప్షియన్లు గ్రానైట్‌ను అంతకన్నా దిట్టమైన డోలరైట్ గుండ్లతో దంచారు, ఇసుకతో అరగదీశారు. అస్వాన్ గనిలో సుమారు 42 మీటర్ల పొడవున సగంలో ఆగిన ఏకశిలా స్తంభం మీద ఆ దెబ్బల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. శిలలో పగుళ్లు బయటపడటంతో దాన్ని వదిలేశారు. చెక్కడంలో ఉన్న పెద్ద ప్రమాదమిదే. లోపలి లోపం పని సగం అయ్యేదాకా కనపడదు. అందుకే శిల్పులు దిమ్మను ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటారు. ఖంగున మోగితే రాయి మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు.

రాయి మారితే శైలి ఎంత మారుతుందో దక్షిణ భారత ఆలయాలు స్పష్టంగా చూపిస్తాయి. మహాబలిపురంలో 7వ శతాబ్ది పల్లవ శిల్పులకు దొరికింది గ్రానైట్. అక్కడి రూపాలు పెద్దవి, నునుపైనవి, నగలు తక్కువ. బేలూరు, హళేబీడుల్లో 12వ శతాబ్ది హొయసల శిల్పులకు దొరికింది బలపపు రాయి జాతికి చెందిన మెత్తటి శిల. అక్కడ హారంలోని పూసలు, గొలుసు కొక్కేలు సైతం విడివిడిగా లెక్కపెట్టవచ్చు. అమరావతి స్తూపానికి వాడిన పల్నాటి సున్నపురాయి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. సన్నని రేణువులున్న ఆ రాయి గుంపుల మధ్య గుంపుల్ని, ఒకరి వెనక ఒకర్ని అంగుళాల లోతులో ఇమిడ్చేందుకు వీలిచ్చింది. ఈ వివరాల సాంద్రతను చూసి ఒక కాలపు శిల్పులు గొప్ప, మరొక కాలంవారు తక్కువ అని తీర్పు చెప్పడం పొరపాటు. గ్రానైట్‌లో పూసల దండ చెక్కబోతే పూసకు బదులు గుంట మిగిలే ప్రమాదమే ఎక్కువ. ములుగు జిల్లా రామప్ప గుడిలో ఇంకో తోవ కనిపిస్తుంది. గోడలు ఇసుకరాతివి, మదనికలనే స్త్రీమూర్తులు మాత్రం అద్దంలా మెరుగు పట్టే నల్లని శిలవి. ఏ పనికి ఏ రాయి అన్న ఎంపిక అక్కడే జరిగిపోయింది.

పాలరాయికి మరో సుగుణం ఉంది. దాని మీద పడిన వెలుతురు పైపైనే తిరిగి పోకుండా కొద్ది లోతుకు వెళ్లి చెదిరి బయటికి వస్తుంది. మనిషి చర్మమూ వెలుతురుతో ఇలాగే ప్రవర్తిస్తుంది. మనిషి దేహాన్ని చూపించడానికి ఐరోపా శిల్పులు పాలరాతికి అంతగా కట్టుబడటానికి ఇదొక కారణం. దాని బలహీనతా రసాయనంలోనే ఉంది. కాల్సైట్ ఆమ్లాలకు కరుగుతుంది కాబట్టి కాలుష్యం ఉన్న నగరాల్లో ఆరుబయట ఉన్న పాలరాతి ముఖాల్లో ముక్కు, పెదవుల అంచులు ముందుగా అరిగిపోతాయి.

ఉలి కోయగల రాళ్లన్నిటికీ పనిముట్ల క్రమం దాదాపు ఒక్కటే. మొన ఉలితో పెద్ద చెక్కలు లేపడం, పళ్ల ఉలితో రూపాన్ని దగ్గరికి తేవడం, చదును ఉలితో సరిచేయడం, ఆకురాయితో రుద్దడం, చివర సానపట్టడం. లోతైన ముడతలకు బర్మా వాడతారు. వరుసగా రంధ్రాలు వేసి నడుమ గోడల్ని పగలగొడితే చీకటి గాడి ఏర్పడుతుంది.

కర్ర ఎందుకు చీలుతుంది

కర్ర లాగుడుకు బాగా తట్టుకుంటుంది, కాబట్టి చాచిన చేతులకు అభ్యంతరం లేదు. ఇబ్బంది తేమతో వస్తుంది. ఆరేటప్పుడు మాను తన వలయాల వెంట కుంచించుకునేంతగా కేంద్రం వైపు కుంచించుకోదు, ఈ తేడా ఇంచుమించు రెండింతలు. ఫలితంగా కేంద్రం నుంచి బయటికి పగులు పడుతుంది. బొమ్మ వెనక నుంచి చేవను తొలిచేయడం పాత పరిష్కారం. జపాన్ శిల్పులు 11వ శతాబ్దిలో మరో అడుగు వేసి, విడివిడి దిమ్మల్ని బోలుగా చెక్కి అతికించారు. 1053 నాటి బ్యోదోఇన్ అమిద బుద్ధుడు అలా చేసినదే. పని పంచుకునే వీలు, మాను కన్నా పెద్ద బొమ్మ చేసే వీలు రెండూ ఆ పద్ధతితో వచ్చాయి.

మట్టి: తేలిక అనిపించే పదార్థం

బంకమన్నులోని రేణువులు పలకల్లా ఉంటాయి. వాటి మధ్య సన్నని నీటి పొర ఉన్నంతసేపు ఒకదాని మీద ఒకటి జారుతాయి, ఇచ్చిన ఆకారంలో నిలుస్తాయి. నీరు పోగానే రేణువులు దగ్గరికి జరుగుతాయి. ఆరడం, కాలడం కలిపి పదో వంతు దాకా కొలత తగ్గడం మామూలు. ఒకచోట మందంగా, మరోచోట పలచగా ఉంటే రెండూ వేర్వేరు వేగాలతో ఆరి నడుమ పగులుతాయి. లోపల తేమ మిగిలి ఉండగా కొలిమిలో పెడితే ఆ నీరు ఆవిరై బొమ్మను పేలుస్తుంది. వీటికి జవాబుగానే మట్టిబొమ్మల్ని బోలుగా, సమానమైన మందంతో చేస్తారు, మట్టిలో కాల్చిన పెంకుల పొడో ఊకో కలుపుతారు. సుమారు 500 డిగ్రీలు దాటాక మట్టిలో రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తర్వాత నీళ్లలో నానబెట్టినా అది మళ్లీ బురద కాదు. ఎర్రటి టెర్రకోట బొమ్మల్ని సాధారణంగా 900 నుంచి 1,050 డిగ్రీల మధ్య కాలుస్తారు.

చైనా మొదటి చక్రవర్తి సమాధి దగ్గర 1974లో బయటపడిన మట్టి సైనికుల తయారీ ఈ నియమాల ప్రకారమే సాగింది. బరువు మోసే కాళ్లు గట్టివి, మొండెం బోలు, తలలు విడిగా చేసి అమర్చినవి. నిలువెత్తు బొమ్మల్ని వేల సంఖ్యలో నిలబెట్టగలిగారంటే ఈ పంపకమే కారణం.

పెద్ద మట్టి నమూనాకు లోపల ఇనుప చట్రం కావాలి, లేకపోతే తన బరువుకే జారిపోతుంది. అయితే మట్టి కుంచించుకుంటుంది, ఇనుము కుంచించుకోదు. చట్రం మీది మట్టిని ఆరనిస్తే చీలుతుంది, కాల్చడం అసాధ్యం. కాబట్టి అలాంటి నమూనాను తడిగుడ్డలతో కప్పి ఉంచి, పని కాగానే దాని మీద అచ్చు తీస్తారు. అచ్చుకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది మట్టికి వ్యతిరేక గుణం. జిప్సంను 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అందులోని నీటిలో ముప్పావు భాగం పోతుంది. ఆ పొడికి నీరు కలపగానే పోయినదాన్ని తిరిగి పట్టుకుని, వేడెక్కి, రవ్వంత వ్యాకోచించి గట్టిపడుతుంది. ఆ వ్యాకోచంతోనే అది వేలిముద్రల గీతల్లోకి కూడా చొచ్చుకుపోతుంది.

పోత: మైనం పోయిన చోట లోహం

కంచు శిల్పాన్ని ఎవరూ ఉలితో చెక్కరు. దానికి రూపం ఇచ్చేది మైనంలోనో మట్టిలోనో. మైనపు బొమ్మ చుట్టూ మట్టి కప్పి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. సంస్కృత గ్రంథాలు దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నాయి. మొహెంజొదారోలో దొరికిన పది సెంటీమీటర్ల పైచిలుకు నాట్యకత్తె బొమ్మ ఇలా పోసినదే. అంటే ఈ పద్ధతికి నాలుగు వేల ఏళ్లు దాటాయి.

మైనం కన్నా కంచు తొమ్మిది పది రెట్లు బరువు. మైనపు బొమ్మను తూచి పదితో గుణిస్తే, కాలువల్లో ఉండిపోయేదానితో కలిపి ఎంత లోహం కరిగించాలో లెక్క తేలిపోతుంది. చోళుల కాలపు నటరాజ విగ్రహాలు ఇలా గట్టిగా పోసినవి. పంచలోహం అన్న పేరున్నా వాటిలో అధిక భాగం రాగే. లోహం చల్లారాక అచ్చును పగలగొట్టాలి కాబట్టి ఒక్క మైనపు బొమ్మ నుంచి వచ్చేది ఒక్క విగ్రహమే. రెండోదానికి మళ్లీ మొదటినుంచి మైనం పట్టుకోవాలి.

బొమ్మ పెద్దదయ్యేకొద్దీ గట్టి పోత పనికిరాదు. నిలువెత్తు మనిషి ఘనపరిమాణం సుమారు 70 లీటర్లు. గ్రానైట్‌లో అది 190 కిలోలు, గట్టి కంచులో 600 కిలోలు దాటుతుంది. 5 మిల్లీమీటర్ల మందంతో బోలుగా పోస్తే నూరు కిలోల లోపే తేలుతుంది. ఖర్చుకన్నా పెద్ద కారణం మరొకటి. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుంటుంది. తొడ మందంగా, చెయ్యి సన్నగా ఉంటే చెయ్యి ముందు గట్టిపడుతుంది, తొడ లోపల చివరిదాకా ద్రవం మిగిలి, ఆ తర్వాత అక్కడ గుల్లలు పడతాయి. గోడ మందం అంతటా ఒకేలా ఉంటే ఈ బాధ తప్పుతుంది. బోలు పోతలో మధ్యన మట్టి, ఇసుక కలిపిన గుండె ఉంటుంది, దాని మీద మైనపు పొర, ఆపైన బయటి అచ్చు. మైనం పోయాక గుండె జారకుండా లోహపు మేకులు పట్టి ఉంచుతాయి. లోహం దిగడానికి కొన్ని గొట్టాలు, గాలి పోవడానికి మరికొన్ని అమర్చాలి. గాలి చిక్కుకున్న చోట కంచు చేరదు. వేలి కొసలు లేకుండా వచ్చే పోతలకు తరచుగా ఇదే కారణం.

రాగి ఒక్కటే వాడక తగరం ఎందుకు కలుపుతారన్నదీ అడగవలసిన ప్రశ్నే. శుద్ధమైన రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చిక్కగా పారుతుంది, గాలిని పీల్చుకుంటుంది. పదో వంతు తగరం చేరిస్తే సుమారు 1,000 డిగ్రీలకే పూర్తిగా ద్రవమై సన్నని సందుల్లోకి పరుగెడుతుంది. ఫ్లారెన్సులో శిల్పి బెన్వెనుతో చెల్లినీ పెర్సియస్ విగ్రహాన్ని పోస్తుండగా కొలిమిలో లోహం గడ్డకట్టసాగిందని, ఇంట్లోని తగరపు పళ్లేలు రెండు వందలదాకా అందులో పడేసి గట్టెక్కించానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చెల్లినీ గొప్పలకు పోయే మనిషే. అయినా తగరం చేరిస్తే లోహం తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి కథలోని శాస్త్రం మాత్రం సరిగ్గానే ఉంది.

ఒక నమూనా నుంచి చాలా ప్రతులు కావాలంటే ముందు దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో మైనం పలచగా తిప్పి, ప్రతి మైనపు ప్రతినీ విడిగా పోస్తారు. ఇప్పుడు ఆ అచ్చుకు సిలికాన్ రబ్బరు వాడతారు. ఫ్రెంచి శిల్పి రొదాఁ చేసిన ఆలోచనాపరుడి విగ్రహం అనేక దేశాల్లో కనిపించడానికి కారణమిదే. అసలు ఏది, నకలు ఏది అన్న వివాదం కూడా ఇక్కడే మొదలైంది. ఫ్రాన్సు చట్టం ఒక శిల్పానికి పన్నెండు పోతల వరకే మూలకృతి హోదా ఇస్తుంది.

రేకు తొడుగు, లోపలి చట్రం

ఎత్తును రెండింతలు చేస్తే బరువు ఎనిమిది రెట్లు, పాదాల వైశాల్యం నాలుగు రెట్లు అవుతాయి. అంటే పాదాల మీద ఒత్తిడి రెండింతలు. గాలి తోపు దీనికి అదనం. కొంత ఎత్తు దాటాక శిల్పం తన చర్మంతో నిలబడదు, లోపల వేరే నిర్మాణం కావాలి. 1886 నాటి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ ఆ మలుపులోని ముఖ్య ఉదాహరణ. శిల్పి బర్తోల్దీ రూపొందించిన 46 మీటర్ల ఆ మూర్తి రాగి చర్మం 2.4 మిల్లీమీటర్లే, చెక్క అచ్చుల మీద సుత్తితో సాగగొట్టిన రేకు. దాన్ని మోసేది ఇంజనీరు ఐఫిల్ రూపొందించిన ఇనుప చట్రం. రాగీ ఇనుమూ తేమలో తగిలితే విద్యుత్ రసాయన చర్య జరిగి ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. అడ్డుగా పెట్టిన ఆస్బెస్టాస్ పొర చెడిపోయాక అదే జరిగింది. ఉబ్బిన తుప్పు రివెట్లను లాగేసింది. శతజయంతికి ముందు ఆ ఇనుప పట్టీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ వేయాల్సి వచ్చింది.

సిమెంటు శిల్పాలకూ ఇలాంటి జబ్బే. రామ్‌కింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో చేసిన సంతాల్ కుటుంబం సిమెంటు, ఎర్రరాతి గులకల మిశ్రమాన్ని చట్రం మీద విసిరి మలిచినది. చవకగా, ఆరుబయట, పెద్దగా చేయడానికి సిమెంటు తోవ చూపింది. కొత్తగా ఉన్నప్పుడు సిమెంటులోని క్షారం లోపలి ఇనుమును కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ క్షారాన్ని తగ్గిస్తుంది, ఇనుము తుప్పుపట్టి పరిమాణం పెరిగి, పైపొరను పగలగొడుతుంది. పాత సిమెంటు విగ్రహాల మీద కనిపించే గోధుమరంగు చారల అర్థం అదే.

ఫైబర్‌గ్లాస్ తేలిక, చవక. కంచు రంగు పూస్తే దూరం నుంచి తేడా తెలియదు, వేలితో తట్టితే మాత్రం వెంటనే తెలుస్తుంది. ఎండలోని అతినీల లోహిత కిరణాలకు దాని రెసిన్ క్రమంగా పెళుసెక్కుతుంది. శాశ్వత స్మారకంగా దాన్ని నిలబెట్టడం అంత తెలివైన పని కాదు. షికాగోలో అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ మరో కొసన ఉంది. 168 స్టెయిన్‌లెస్ స్టీల్ పలకల్ని వెల్డింగ్ చేసి, అతుకులు కనపడకుండా అరగదీసి మెరుగుపెట్టారు.

యంత్రాలు వచ్చాక

చిన్న నమూనాను పెద్దది చేయడానికి, ప్లాస్టర్ ప్రతిని రాతిలోకి దించడానికి బిందువులు కొలిచే పరికరం ఎప్పటినుంచో ఉంది. రొదాఁ పేరు మీదున్న పాలరాతి శిల్పాల్లో చాలావాటిని ఆ కొలతలతో చెక్కింది సహాయకులే. నేడు ఆ పనిని లేజర్ స్కానర్, రోబో చేయి చేస్తున్నాయి. ఇటలీలోని కరారా పాలరాతి గనుల దగ్గర రోబోలు వజ్రపు మొనలతో దిమ్మను రూపానికి తెస్తే, మనుషులు చివరి పొరను చేతితో పూర్తిచేస్తారు. రోబో వేగం పెంచుతుంది గానీ చాచిన చేతికి లాగుడు బలం చేర్చలేదు, దిమ్మలోని పగుళ్లను మాన్పలేదు.

పోతలో మార్పు ఇంకా తక్కువ. త్రీడీ ప్రింటర్ మైనపు నమూనాను నేరుగా అచ్చువేస్తోంది, మట్టి అచ్చుకు బదులు సిలికా ద్రవంలో పొరలు పొరలుగా ముంచిన సన్నని సెరామిక్ పెంకు వచ్చింది. ఆ పెంకుకు కూడా లోహం దిగే గొట్టాలు, గాలి పోయే దారులు అమర్చవలసిందే. ఎక్కడ ఎన్ని పెట్టాలో ఇప్పటికీ పోతపని అనుభవమే నిర్ణయిస్తోంది.